అద్దకం షాపులో, టానరీలో విషపు రసాయనాలు తగ్గించడం ఎలా? సరుకు గది నుంచి మొదలుపెడదాం

కొన్నేళ్ళ కింద మా షాపులో రంగు వేసిన ఎర్ర నూలుతో నేసిన బెడ్‌షీట్లు ఎగుమతి వ్యాపారి దగ్గర్నుంచి వెనక్కి వచ్చేశాయి. నేత బాగుంది, కొలతలు సరిగ్గా ఉన్నాయి, ఉతికితే రంగు కూడా పోలేదు. ల్యాబ్‌లో మాత్రం ఫెయిల్. ఆ ఎరుపులో ఉండకూడని అమీన్ ఒకటి (కొన్ని రంగులు విరిగితే బయటపడే రసాయనం, వీటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు) బయటపడిందట. అది ఎక్కణ్ణుంచి వచ్చిందా అని షాపంతా వెతికితే చివరికి ఒక ప్లాస్టిక్ కవరు దొరికింది, బజార్లో లూజుగా తెచ్చిన కిలో బేస్ (నూలు మీద రంగు పుట్టించే పొడి), పైన స్కెచ్ పెన్నుతో "స్కార్లెట్" అని ఒక్క మాట. ఏ స్కార్లెట్? అమ్మినాయనకీ తెలీదు, కొన్న మాకూ తెలీదు.

ఆ దెబ్బ తర్వాత ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. పోచంపల్లి, పుట్టపాక, చీరాల, మంగళగిరి లాంటి చోట్ల చిలపల (చుట్టలుగా కట్టిన) నూలుకి రంగులేసే చిన్న షాపుల్ని మనసులో పెట్టుకుని రాశాను, కానీ పెద్ద యూనిట్‌కి కూడా లెక్క ఇదే, తొట్లే పెద్దవి. తోలు గురించి విడిగా కింద రాశాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. రసాయనాల మాట ఎత్తగానే అందరూ మురుగునీటి ప్లాంటు దగ్గరికి వెళ్ళిపోతారు. ప్లాంటు కావాలి, కాదనను. కానీ క్రోమియం లాంటిది నీళ్ళలో కలిశాక దాన్ని మాయం చేసే మంత్రం ఏ ప్లాంటులోనూ లేదు, నీళ్ళలోంచి తీసి బురదలో పెడుతుంది, ఆ బురద ఎక్కడికి పోవాలన్నది మళ్ళీ మన తలనొప్పే. తూము దగ్గర లక్షలు పెట్టి చేసే పనిని సరుకు గది తలుపు దగ్గర ఒక నోటు పుస్తకంతో చేయొచ్చు. అందుకే అక్కడ మొదలుపెడదాం.

1. సరుకు గదిని బయటికి తీయండి

నిజంగానే బయటికి తీయమంటున్నాను. పనిలేని ఒక ఆదివారం డబ్బాలు, డ్రమ్ములు, కవర్లు అన్నీ వరండాలో పెట్టి, ఒక్కోదానికి ఒక వరస చొప్పున పుస్తకంలో రాయండి: పేరు, కంపెనీ, ఎప్పుడు కొన్నది, ఎంత మిగిలింది, దేనికి వాడతాం. మా దగ్గర ఈ పని చేసినప్పుడు దాదాపు మూడోవంతు సరుకుకి సరైన లేబులే లేదు. కొన్ని డబ్బాలు నాన్న హయాంలోవి. దేనికి కొన్నారో గుర్తున్నవాళ్ళే లేరు.

లేబుల్ లేనిది, కంపెనీ పేరు లేనిది, ఎవరో సగం వాడి ఇచ్చింది, ఇవన్నీ ఒక మూలకి. వాటిని "అయ్యో, డబ్బు పెట్టి కొన్నాం" అని వాడేయడమూ వద్దు, రాత్రిపూట కాల్వలో కలిపేయడమూ వద్దు. వాటి సంగతి చివర్లో చెప్తాను.

2. కాగితం అడగండి, నంబరు చూడండి

ప్రతి రసాయనానికి కంపెనీ ఇచ్చే సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది, మనవాళ్ళు ఇంకా ఎమ్మెస్డీఎస్ అనే అంటారు. అందులో పదహారు భాగాలుంటాయి. అన్నీ చదవక్కర్లేదు. రెండో భాగంలో ప్రమాదం ఏంటో ఉంటుంది, మూడో భాగంలో లోపల ఏముందో ఉంటుంది, ఎనిమిదో భాగంలో చేతికి, ముక్కుకి ఏం కట్టుకోవాలో ఉంటుంది. ఈ మూడు చూస్తే మన పని నడుస్తుంది.

మూడో భాగంలో క్యాస్ నంబరు అని ఒకటి కనిపిస్తుంది. రసాయనానికి అది ఆధార్ నంబరు లాంటిది, బజారు పేర్లు పది ఉన్నా నంబరు ఒక్కటే. పేరు చూసి మోసపోతాం, నంబరు చూసి మోసపోవడం కష్టం. వీటిని గోడ మీద రాసి పెట్టుకోండి, కొనే ముందు ఒకసారి చూసుకోవచ్చు: నోనైల్ ఫినాల్ ఎథాక్సిలేట్ 9016-45-9, దాని ఇంకో రూపం 127087-87-0, పొటాషియం డైక్రోమేట్ 7778-50-9, పెంటాక్లోరోఫినాల్ 87-86-5, ఫార్మాల్డిహైడ్ 50-00-0, బెంజిడీన్ 92-87-5.

షీట్ ఇవ్వను అనే డీలరు దగ్గర కొనకండి. "ఇన్నేళ్ళుగా అందరూ వాడుతున్నారు, మీకే ఎందుకీ అనుమానం" అంటాడు. అనుమానం కాదు, సరుకు వెనక్కి వస్తే లారీ కిరాయి ఆయన కట్టడు కదా. పెద్ద డై కంపెనీలైతే జెడ్‌డీహెచ్‌సీ పద్ధతిలో సర్టిఫికెట్ కూడా ఇస్తాయి. 2011లో పెద్ద బట్టల బ్రాండ్లు కలిసి మొదలుపెట్టిన ఆ సంస్థ, తయారీలో అసలు వాడకూడని రసాయనాల జాబితా ఒకటి నడుపుతోంది. తయారైన బట్టలో ఎంత మిగిలింది అని చూసే జాబితాలు వేరే ఉన్నాయి, ఇది మాత్రం తొట్టిలో ఏం పోస్తున్నావు అని అడుగుతుంది. నాకు నచ్చింది అదే.

3. నాఫ్తాల్ బేస్‌లు: ఇక్కడ కాసేపు ఆగాలి

మన చేనేత అద్దకంలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను.

నాఫ్తాల్ అద్దకంలో నూలుని ముందు నాఫ్తాల్ ద్రావణంలో ముంచుతాం, తర్వాత ఐసు వేసి డయజో చేసిన, అంటే నాఫ్తాల్‌తో కలిసేలా సిద్ధం చేసిన బేస్‌లో ముంచుతాం, రెండూ నూలులోపల కలిసి రంగు పుడుతుంది. ఎరుపు, మెరూన్, నారింజ చక్కగా వస్తాయి, పైగా అద్దే తొట్టిని వేడి చేయక్కర్లేదు. చిటికి కట్టిన ఇక్కత్ నూలుని వేడి నీళ్ళలో వేస్తే కట్ల కిందికి రంగు చొరబడుతుందన్న భయం ఉంటుంది కాబట్టి చల్లటి నాఫ్తాల్ అంటే మనవాళ్ళకి ప్రాణం.

అయితే ఆ రంగు మళ్ళీ విడిపోయినప్పుడు, చెమటకో, చర్మం మీద సూక్ష్మజీవులకో, మనం వాడిన బేస్ మళ్ళీ బేస్‌గానే బయటికొస్తుంది. అంటే ఏ అమీన్ రావచ్చో ఊహించక్కర్లేదు, డబ్బా మీది పేరే చెబుతుంది. జర్మనీ 1994లోనే ఇలాంటి రంగుల మీద ఆంక్షలు పెట్టింది. మన దేశం కూడా 42 బెంజిడీన్ రంగులు, 70 అజో రంగులు, మొత్తం 112 రంగుల్ని 1990 దశకంలోనే నిషేధించింది. యూరప్‌కి పోయే బట్టలో, వాళ్ళు నిషేధించిన అమీన్ల జాబితాలోది ఏదైనా కిలోకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఆ జాబితాలో నేరుగా పడే బేస్‌ల్లో నాలుగు చెప్తాను, ఇవి మన బజార్లో వినిపించే పేర్లే:

ఫాస్ట్ స్కార్లెట్ జీ బేస్ (99-55-8)
ఫాస్ట్ రెడ్ టీఆర్ బేస్ (95-69-2)
ఫాస్ట్ గార్నెట్ జీబీసీ బేస్ (97-56-3)
ఫాస్ట్ బ్లూ బీ బేస్ (119-90-4)

ఇప్పుడు అసలు తిరకాసు చూడండి. స్కార్లెట్ జీ జాబితాలో ఉంది. స్కార్లెట్ జీజీ వేరే పదార్థం, ఆ జాబితాలో లేదు. తేడా ఒక్క అక్షరం. మా కవరు మీద ఆ ఒక్క అక్షరం కాదు కదా, రెండూ లేవు! బేస్ బదులు "సాల్ట్" పేరుతో అమ్మేవి ముందే డయజో చేసి ఉంచినవి, టీఆర్ సాల్ట్ అన్నా లోపలున్నది అదే అమీన్. ఇంకోటి, జాబితాలో లేని బేస్ అంటే మంచిదని అర్థం కాదు. చేతులు నీలం, ఎరుపు చేసుకుంటూ కలిపే పనివాడికి ఏ బేసూ పన్నీరు కాదు.

అందుకని నా సలహా, నాఫ్తాల్‌నే మానేసే దారి చూడండి. చల్లగా వేయాలంటే ఎం బ్రాండు కోల్డ్ రియాక్టివ్ రంగులున్నాయి (రియాక్టివ్ అంటే నూలుతో రసాయనికంగా కలిసిపోయే రంగు), 30 నుంచి 40 డిగ్రీల్లో పట్టేస్తాయి. కలిపి ఉంచితే కొన్ని గంటల్లో పాడవుతాయి, కాబట్టి పొద్దున కలిపి సాయంత్రం వాడదాం అంటే కుదరదు. ముదురు మెరూన్ కోసం రెండు చేతులతో నూలుని పట్టుకునే రకం, అంటే బై-ఫంక్షనల్ రియాక్టివ్‌లు చూడండి. నాఫ్తాల్ ఎరుపులోని ఆ మెరుపు అచ్చంగా రాదు, ఒప్పుకుంటాను, మొదటి రెండు నెలలు కొనేవాళ్ళతో షేడ్ గొడవ తప్పదు. విజయవాడ, హైదరాబాదుల్లో ఉన్న వీవర్స్ సర్వీస్ సెంటర్లలో షేడ్ కలపడం నేర్పుతారు. మొహమాటపడకుండా నమూనా చిలప పట్టుకుని వెళ్ళండి.

4. మిగతా తొట్లు ఒక్కొక్కటీ

సబ్బులు, తడిపే ఆయిళ్ళు. చవకరకం వెట్టింగ్ ఏజెంట్లలో నోనైల్ ఫినాల్ రకం ఉండే అవకాశం ఎక్కువ. అది నీళ్ళలో విరిగి నోనైల్ ఫినాల్ అవుతుంది, చేపల్లో హార్మోన్ల పని చెడగొడుతుంది. యూరప్‌లో 2021 ఫిబ్రవరి నుంచి ఉతికే బట్టల్లో 0.01 శాతం దాటితే అమ్మనివ్వరు. బదులుగా ఆల్కహాల్ ఎథాక్సిలేట్ రకం అడగండి, ధర కొంచెమే ఎక్కువ. ఆముదం నుంచి చేసే టర్కీ రెడ్ ఆయిల్ (టీఆర్ ఆయిల్) కూడా చాలా పనులకి సరిపోతుంది. మొత్తం లిస్టులో అన్నిటికంటే తేలికైన మార్పు ఇదే, రేపు పొద్దున్నే చేసేయొచ్చు.

బ్లీచింగ్. బ్లీచింగ్ పౌడరు, హైపో (సోడియం హైపోక్లోరైట్) వాడితే క్లోరిన్ నూలులోని మలినాలతో కలిసి నీళ్ళలో ఎంతకీ విరగని పదార్థాలు పుట్టిస్తుంది. దానికి బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్, కొంచెం కాస్టిక్, నిలకడ కోసం సోడియం సిలికేట్, 90 డిగ్రీల దగ్గర గంటసేపు. కట్టెల ఖర్చు పెరుగుతుంది నిజమే, కానీ నూలు బలం తగ్గదు, ఆ ఘాటు వాసనా ఉండదు. రియాక్టివ్ రంగు వేసే ముందు మాత్రం మిగిలిన పెరాక్సైడ్‌ని ఎంజైముతోనో రెండు వేడినీళ్ళ కడుగుడుతోనో పూర్తిగా పోగొట్టాలి, లేకపోతే రంగు తేలిపోతుంది. దీనికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: నల్ల రంగు, ముదురు నీలం వేసే నూలుని అసలు బ్లీచ్ ఎందుకు చేస్తున్నాం? బాగా ఉడికించి జిడ్డు తీస్తే చాలు. మేము ఏళ్ళ తరబడి అన్ని నూళ్ళనీ తెల్లగా చేసి మళ్ళీ నల్లగా అద్దాం, ఎందుకంటే అలవాటు!

వ్యాట్ రంగులు, సల్ఫర్ నలుపు. ఇవి తొట్టిలో రూపు మారి కరుగుతాయి, గాలి తగిలాకే అసలు రంగుకి వస్తాయి. ఆ రంగు బయటపడడానికి పొటాషియం డైక్రోమేట్ వాడే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. అది ఆరో రకం క్రోమియం, క్యాన్సర్ కారకం, దానికి ఏ సాకూ లేదు. వ్యాట్ నూలుని గాలికి ఆరేస్తే చాలు, తొందరుంటే కొంచెం పెరాక్సైడ్. వ్యాట్ రంగుని కరిగించే హైడ్రోస్‌ని (సోడియం హైడ్రోసల్ఫైట్) కూడా గుప్పిళ్ళతో పోయకండి. వ్యాట్ ఎల్లో పేపరు ముంచితే నీలంగా మారిందంటే తొట్టిలో హైడ్రోస్ సరిపోయిందని అర్థం, ఇంక వేయక్కర్లేదు. సల్ఫర్ నలుపుకి సోడియం సల్ఫైడ్ బదులు గ్లూకోజ్‌తో నడిచే పద్ధతి, లేదా సల్ఫైడ్ తక్కువగా ఉండే ద్రవ రూపం దొరుకుతుంది.

ఫిక్సర్లు. రంగు వదులుతోందని చివర్లో ఫిక్సర్ వేస్తాం. పాత రకం ఫిక్సర్లు చాలావరకు ఫార్మాల్డిహైడ్‌తో చేసినవి. ఫార్మాల్డిహైడ్ లేనివి అడిగి తీసుకోండి. రంగు వదలడానికి సగం కారణం మనం సబ్బు నీళ్ళలో సరిగ్గా మరిగించకపోవడమే, మరిగే నీళ్ళలో పావుగంట సోపింగ్ చేసి చూడండి, ఫిక్సర్ అవసరం ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది.

గంజి. పడుగుకి పెట్టే గంజి బూజు పట్టకుండా పెంటాక్లోరోఫినాల్ కలపడం ఒకప్పుడు మామూలే. 2015లో అది స్టాక్‌హోమ్ ఒప్పందం (ఎంతకీ విరగని విషాల్ని ఆపడానికి దేశాలు చేసుకున్నది) జాబితాలో చేరింది. దీనికి విరుగుడు మన అమ్మమ్మలకి తెలిసిందే, ఏ రోజు గంజి ఆ రోజు కాచుకోవడం.

సహజ రంగుల సంగతీ ఒక మాట. పెడన, శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పటిక, ఇనుప తుప్పు బెల్లం నీళ్ళలో ఊరబెట్టిన నలుపు, ఇవన్నీ నిజంగా మంచి పద్ధతులు. నీలిమందుని తగిరిస గింజలు, సున్నం వేసి పులియబెట్టే పాత పద్ధతికి హైడ్రోస్ అక్కర్లేదు. పుట్టపాక తేలియా రుమాలుకి నూనెతో పాటు వాడే క్షారం ఆముదపు కాయల బూడిద నుంచే వస్తుంది. కానీ "సహజం" అని బోర్డు పెట్టి రంగు పట్టడానికి డైక్రోమేటో, మైలుతుత్తమో దండిగా వేస్తే అది సహజం ఎలా అవుతుంది? పటిక, ఇనుము దగ్గర ఆగండి.

నీళ్ళు అంటని ఫినిషింగ్, ముడత పడని ఫినిషింగ్ మీరు చేయరనుకుంటాను. చేస్తే మొదటిదాంట్లో ఫ్లోరిన్ రసాయనాలు, రెండోదాంట్లో ఫార్మాల్డిహైడ్ రెసిన్ ఉన్నాయేమో చూసుకోండి, అంతే.

5. తూకం, నీళ్ళ కొలత

మంచి రంగు కొన్నా గుప్పిళ్ళతో వేస్తే లాభం లేదు. రెండు గ్రాముల తేడా పట్టే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి, లీటర్ల గీతలు పెట్టిన తొట్టి ఒకటి, పీహెచ్ పేపర్లు, ఒక థర్మామీటరు. ఇవి ఉంటే చాలు.

లెక్క ఒకటి వేసి చూద్దాం. పది కిలోల నూలు, రెండు శాతం షేడ్ అంటే 200 గ్రాముల రంగు. మామూలు రియాక్టివ్ 70 శాతం పట్టిందనుకుందాం, 60 గ్రాములు కాల్వలోకే పోతుంది. ఇప్పుడు నీళ్ళు. గుండ్రటి గంగాళంలో కిలోకి 20 లీటర్లు పోస్తే 200 లీటర్లు, లీటరుకి 60 గ్రాముల ఉప్పు అంటే 12 కిలోలు, 20 గ్రాముల సోడా యాష్ అంటే 4 కిలోలు. అదే నూలు సన్నటి, పొడుగాటి స్టీలు తొట్టిలో కిలోకి 12 లీటర్లతో మునిగిందనుకోండి, 120 లీటర్లకి ఉప్పు 7.2 కిలోలు, సోడా 2.4 కిలోలు. ఒక్క తడవకి దాదాపు ఐదు కిలోల ఉప్పు మిగిలింది, పైగా నీళ్ళు తగ్గితే రంగు కూడా నూలుకి బాగా ఎక్కుతుంది. కాబట్టి రంగు శాతం కూడా కొంచెం తగ్గించి చూసుకోవాలి, లేకపోతే షేడ్ ముదురుతుంది.

ఉప్పు విషమా, వంటలో వేసుకుంటాంగా అంటారు. తమిళనాడులోని తిరుప్పూరు వాళ్ళని అడగండి. నొయ్యల్ నదిలో ఉప్పు, రంగు నీళ్ళు చేరి చేరి, 1992లో కట్టిన ఒరత్తుపాళ్యం డ్యామ్ సాగుకి పనికిరాని మురుగు చెరువైంది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి డైయింగ్, బ్లీచింగ్ యూనిట్లన్నీ మూసేయమంది, వందల షాపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. సున్నం, పటికతో రంగు దిగుతుంది కానీ ఉప్పు దిగదు. దాన్ని తీయాలంటే ఆర్వో మెషిన్లు, ఆవిరి చేసే మెషిన్లు, మన వల్ల అయ్యే పనేనా? తొట్టిలో వేయకుండా ఉండటమే మనకి దారి.

6. చేతులు, ముక్కు, ఊపిరి

రియాక్టివ్ రంగు పొడి ముక్కులోకి పోతే కొందరికి ఆస్తమా పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుందంటే ఆ షాపులో ఇంక పని చేయలేరు. ఫ్యాను కింద రంగు తూయకండి, మాస్కు కట్టుకుని మెల్లగా తూచి వెంటనే నీళ్ళతో ముద్ద చేయండి. కాస్టిక్‌ని నీళ్ళలో వేయాలి, కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు. హైడ్రోస్ డ్రమ్ము వానాకాలంలో చెమ్మ తగిలితే తనంతట తానే అంటుకుంటుంది, నేలమీద కాకుండా చెక్క మీద పెట్టి మూత బిగించండి. బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ ఒకే మూలలో ఉండకూడదు, కలిస్తే క్లోరిన్ గ్యాసే. ఈ నాలుగు వాక్యాలు పనివాళ్ళందరికీ కనబడేలా పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించండి, చదవడం రానివాళ్ళకి చెప్పి, తిరిగి చెప్పించుకోండి.

7. తోలు పని చేసేవాళ్ళకి

ఇది నా సొంత పని కాదు, తమిళనాడులోని రాణిపేట వైపు టానరీల్లో (పచ్చి తోలుని శుద్ధి చేసే చోట్ల) పనిచేసే మావాళ్ళ దగ్గర చూసి, అడిగి తెలుసుకున్నది. అక్కడి లెక్క ఇంకా కఠినం. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు పాలార్ నది కేసులో, చెడగొట్టినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని తీర్పిచ్చింది కూడా ఈ టానరీల గురించే.

మొదట ఉప్పు. పచ్చి తోళ్ళు ఉప్పు పట్టించి వస్తాయి. నానబెట్టే ముందు ప్రతి తోలునీ చెక్క మీద దులిపి ఉప్పు రాల్చండి. యంత్రం అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు, నానబెట్టిన నీళ్ళలో ఉప్పు బాగా తగ్గుతుంది.

వెంట్రుకలు ఊడదీయడానికి సున్నం, సోడియం సల్ఫైడ్ వాడతారు. సల్ఫైడ్‌లో కొంత భాగం తగ్గించి ఎంజైములు కలపండి, కంపు తగ్గుతుంది, బురద తగ్గుతుంది. సల్ఫైడ్ నీళ్ళు, యాసిడ్ నీళ్ళు ఒకే కాల్వలో కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, గుంటలో దిగిన మనిషి కేక వేసేలోపే పడిపోతాడు. రెండు కాల్వలు విడిగా ఉండాలి, గుంటలోకి ఒంటరిగా ఎవరూ దిగకూడదు, పడిపోయినవాణ్ణి తీయడానికి గాలి సిలిండరు లేకుండా ఇంకొకడు అసలే దిగకూడదు.

ఇప్పుడు క్రోమ్. టానింగ్‌లో, అంటే పచ్చి తోలు కుళ్ళకుండా చేసే పనిలో, వాడేది మూడో రకం క్రోమియం, ఆరో రకమంత విషం కాదు. మామూలు పద్ధతిలో వేసిన క్రోమ్‌లో 60, 70 శాతం తోలు పట్టుకుంటుంది, మిగతాది నీళ్ళలోకి. అంటే డబ్బు కూడా నీళ్ళలోకే. డ్రమ్ములో నీళ్ళు తగ్గించి, చివర్లో వేడి 40 డిగ్రీల దాకా తెచ్చి, సోడియం బైకార్బొనేట్‌ని విడతలు విడతలుగా వేస్తూ పీహెచ్ 3.8 నుంచి 4 మధ్యకి మెల్లగా తెస్తే, పట్టు పెంచే పదార్థాలు కూడా తోడైతే, 90 శాతం పైన ఎక్కించొచ్చు. మిగిలిన నీళ్ళకి మెగ్నీషియం ఆక్సైడ్ వేస్తే క్రోమ్ అడుగున పేరుకుంటుంది, దాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి మళ్ళీ టానింగ్‌కే వాడుకోవచ్చు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ, సీఎల్ఆర్ఐ, నీళ్ళే పోయకుండా క్రోమ్ టానింగ్ చేసే పద్ధతి కూడా తయారుచేసింది, వాళ్ళని అడిగితే ట్రయల్ ఎలా చేయాలో చెప్తారు.

అసలు భయం ఏంటంటే, మూడో రకం క్రోమియం తోలులోనే ఉండి తర్వాత ఆరో రకంగా మారడం. టానరీ నుంచి బాగానే వెళ్ళిన తోలు కంటైనర్లో ఎండకి ఉడికి, పొడి గాలికి ఎండి, కొన్నవాడి గోడౌన్లో ఫెయిల్ అవుతుంది. యూరప్‌లో 2015 మే నుంచి ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో పరిమితి కిలోకి 3 మిల్లీగ్రాములు. దీన్ని ఆపాలంటే చేప నూనె రకం ఫ్యాట్‌లిక్కర్లు (తోలుని మెత్తబరిచే నూనెలు) మానేయాలి, టానింగ్ తర్వాత తోలుని అమ్మోనియాతో కడిగే పాత అలవాటు మానాలి, పెరాక్సైడ్, హైపో లాంటి బ్లీచులు దగ్గరికి రానివ్వకూడదు, రీటానింగ్‌లో (రెండోసారి చేసే టానింగ్‌లో) ఒకటి నుంచి మూడు శాతం మొక్కల టానిన్ వేయాలి. టానిన్ ఇక్కడ కాపలా మనిషిలా పని చేస్తుంది. టెస్టుకి పంపేటప్పుడు తాజా తోలు పంపి మురిసిపోవద్దు, 80 డిగ్రీల్లో 24 గంటలు ఉంచి ఆ తర్వాత పరీక్షించమనండి, కంటైనర్లో ఏం జరగబోతోందో ముందే తెలుస్తుంది.

పూర్తిగా మొక్కల టానింగ్‌కి వెళ్ళేవాళ్ళకి మన లందల్లో (తోలు ఊనే తొట్లలో) వాడిన తంగేడు చెక్క, కరక్కాయ ఉండనే ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర పువ్వు తంగేడు, దాని బెరడే ఒకప్పుడు దక్షిణాది తోలు వ్యాపారాన్ని నిలబెట్టింది. చెప్పులకి, బెల్టులకి, బ్యాగులకి ఇది బాగుంటుంది, మెత్తటి జాకెట్లకి అంతగా కాదు. దాని నీళ్ళు కూడా ముదురు రంగుతో, విరగడానికి మొండికేస్తూ ఉంటాయి, కాబట్టి మొక్కలదే కదా అని చేలోకి వదిలేయకండి.

8. మిగిలిన నీళ్ళు, బురద

పైవన్నీ చేశాక మిగిలిన నీళ్ళు ఒక తొట్టిలో చేరనివ్వండి. రోజంతా వచ్చిన యాసిడ్, కాస్టిక్ నీళ్ళు కలిస్తే కొంతవరకు వాటికవే సర్దుకుంటాయి. తర్వాత సున్నం, ఫెర్రస్ సల్ఫేట్ వేసి రంగు దింపొచ్చు. చివరి కడుగుడు నీళ్ళు శుభ్రంగానే ఉంటాయి, వాటిని పక్కన పట్టుకుని తర్వాతి తడవ ఉడికింపుకి వాడుకోండి.

అడుగున మిగిలిన బురద ఎండాక మట్టిలా కనిపిస్తుంది, మట్టి కాదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. తెలంగాణలో దుండిగల్, ఆంధ్రలో పరవాడ దగ్గర ఇలాంటి వ్యర్థాల్ని తీసుకునే కేంద్రాలున్నాయి. చిన్న షాపు ఒక్కటీ లారీ పంపడం ఖర్చే, క్లస్టర్‌లో పదిమంది కలిసి సంచుల్లో దాచి ఏడాదికోసారి పంపితే భారం పంచుకోవచ్చు. బురదని రోడ్డు గుంతల్లో పోస్తే ఏమవుతుందో రాణిపేటలో మూతపడ్డ క్రోమేట్ ఫ్యాక్టరీ దగ్గర చూడొచ్చు, అక్కడ పోసిన వ్యర్థాల గుట్ట వల్ల చుట్టుపక్కల భూగర్భజలంలోకి క్రోమియం దిగింది, ఫ్యాక్టరీ పోయినా ఆ గుట్ట ఊరికే మిగిలింది.

మొదట్లో ఒక మూలకి నెట్టిన లేబుల్ లేని డబ్బాలు గుర్తున్నాయి కదా, అవీ ఈ సంచులతోనే వెళ్ళాలి. వెళ్ళేదాకా వాటి మీద "వాడకూడదు" అని ఎర్ర రంగుతో రాసి, తాళం వేసిన గదిలో ఉంచండి. మా దగ్గర అలా పదకొండు డబ్బాలు తేలాయి. పన్నెండోది ఆ స్కార్లెట్ కవరు.